శశి ఏ పెట్టె ఎక్కాలి?

చందానగర్‌లో హుడా కాలనీ అనండి, గంగారం అనండి, అపార్ట్‌మెంటుకొక నవలారావు ఉంటాడు. ఆ పేరు నేను పెట్టుకున్నదే. ఆధార్ కార్డుల్లో వేరేవేరే ఉంటాయి. పగలు హైటెక్ సిటీలో టెస్టింగ్ లీడు, రాత్రి నవలా రచయిత. నవలకి పేరు కుదిరింది. అట్ట మీద బొమ్మ కుదిరింది. డిసెంబరు పుస్తకాల పండగలో సంతకాలు పెట్టడానికి ఇంకు పెన్ను కూడా కొనేశాడు. తేలాల్సింది ఒక్కటే: కథ ఆడపిల్లదా, మగపిల్లాడిదా?

ఇదేం పెద్ద విషయం అనుకునేవాళ్ళు నవలారావుతో కలిసి లిఫ్టు ఎక్కి ఉండరు. అయిదో అంతస్తు వచ్చేలోపు తెలుగు నవల చరిత్రంతా అప్పజెబుతాడు.

“దయానిధిని తీసుకోండి. సీతారామారావుని తీసుకోండి. అల్పజీవి సుబ్బయ్య, అంపశయ్య రవి. బుచ్చిబాబు, గోపీచంద్, రావిశాస్త్రి, నవీన్ కలిసి మగాడి బుర్రని మూలమూలలా గాలించేశారు సార్. ఇంక నేను వెళ్ళి ఏం వెతకను?”

మాట నిజమే. పైగా మొదటి ప్రతిలో హీరో కూడా టెస్టింగ్ లీడే. మేనేజరు అర్థం చేసుకోడు, ప్రమోషన్ రాదు, వాన పడితే కిటికీ దగ్గర నిలబడతాడు. ఆ బుర్రలో గాలించడానికి సామాను కూడా పెద్దగా లేదు.

అంచేత హీరోయిన్. దీనికి మార్కెట్ లెక్కొకటి ఉంది. 1960, 70 దశకాల్లో పత్రికలు అమ్ముడుపోయింది రచయిత్రుల సీరియళ్ళ మీదే. యద్దనపూడి ‘సెక్రటరీ’లో జయంతి ఏం చేస్తుందోనని జనం ఎదురుచూసేవారు; 1976లో అది అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా అయింది. ఆంధ్రజ్యోతి వారపత్రిక నడిపిన పురాణం సుబ్రహ్మణ్యశర్మగారంతటివారు ‘పురాణం సీత’ అయిపోయి ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాశారు. బీనాదేవి అనే పేరు వెనక ఉన్నది భార్యాభర్తలిద్దరూ. “చూశారా, పేరు మారిస్తే చాలు” అన్నాడు నవలారావు. పురాణంవారు పేరొక్కటే మార్చి ఊరుకోలేదు నాయనా, ఇల్లాలి గొంతు కూడా పట్టుకున్నారు అని చెప్పబోయాను. అయిదో అంతస్తు వచ్చేసింది.

పని మొదలైంది. నవలంతా చేత్తో దిద్దుకుంటూ కూర్చుంటే టెస్టింగ్ లీడుకి నామోషీ. చేసిన పని మగవాడిదైతే చివర ‘ఆడు’, ఆడదైతే ‘ఇంది’, అంతేకదా అని కంప్యూటర్లో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టాడు. ‘వచ్చాడు’ చక్కగా ‘వచ్చింది’ అయింది. ‘నవ్వాడు’ ‘నవ్వింది’ అయింది. అక్కడితో ఆగలేదు. ‘వాడు’ అన్నచోటల్లా ‘వింది’ అయింది. హీరో స్నేహితుడు సుబ్బిగాడు కాస్తా సుబ్బిగింది అయ్యాడు. జనం ఫోనుల్లో మాట్లిందితూ తిరుగుతున్నారు. “వీడసలు మగాడు కాదు” అన్న విలన్ డైలాగు “వీడసలు మగింది కాదు” అని తేలింది. చివరి అధ్యాయంలో తాడు పట్టుకుని బావిలోకి దిగాల్సిన మనిషి, తింది పట్టుకుని దిగింది.

ఈ దెబ్బతో నవలారావు చలాన్ని ఆశ్రయించాడు. 1927 నాటి ‘మైదానం’లో రాజేశ్వరి ‘నేను, నేను’ అంటూ తన కథ తానే చెప్పుకుపోతుంది, రాసింది మగవాడు. నవలారావుకి అందులో నచ్చింది రాజేశ్వరి తెగింపు కాదు, ‘నేను’ అన్న సదుపాయం. వచ్చాను, తిన్నాను, పడుకున్నాను: ఆడైనా అంతే, మగైనా అంతే. మనిషికి శశి అని పేరు పెట్టాడు, అదీ ఎటైనా పనికొస్తుందని. నిర్ణయం సంక్రాంతికి వాయిదా పడింది.

మూడో అధ్యాయం దాకా శశి హాయిగా బతికేసింది, లేదా బతికేశాడు. అక్కడ ఉద్యోగంలో చేరడానికి చందానగర్ ఎంఎంటీఎస్ స్టేషన్‌కి రావాల్సొచ్చింది. అక్కణ్ణించి హైటెక్ సిటీ ఎంత దూరమని, మధ్యలో హఫీజ్‌పేట ఒక్కటే. లింగంపల్లి నుంచి రైలొచ్చి ఆగింది. లేడీస్ పెట్టె ఎక్కాలా, మామూలు పెట్టె ఎక్కాలా? ఆ రైలు వెళ్ళిపోయింది. తర్వాతదీ వెళ్ళిపోయింది. దసరా నుంచి శశి ప్లాట్‌ఫాం మీదే ఉంది.

“మామూలు పెట్టెలో ఆడవాళ్ళు కూడా ఎక్కుతారుగా” అన్నాను.

“ఎక్కాక ఎవరైనా లేచి సీటిస్తారా ఇవ్వరా అన్నది తేలాలి కద సార్?”

“పోనీ షేర్ ఆటోలో పంపండి.”

“ఆ తర్వాత హాస్టల్ సీను ఉంది” అన్నాడు దిగులుగా. నిజమే, చందానగర్‌లో హాస్టళ్ళకి కూడా బోర్డులుంటాయి.

నవలారావు భార్య స్కూల్లో లెక్కల టీచరు. “మునిమాణిక్యంగారు కాంతాన్ని పెట్టుకుని ఎన్ని కథలు రాయలేదు? ఎక్కడో వెతకడం ఎందుకు, ఇంట్లో మనిషిని చూసి రాయకూడదూ?” అంది ఒకరోజు. “నీ జీవితంలో కథేముందోయ్?” అన్నాడు ఈయన. ఆవిడ జవాబివ్వలేదు. కందిపప్పు కుక్కర్లో పెట్టి, నోటు పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చుంది.

చివరికి సంక్రాంతి సెలవుల్లో శశి లేడీస్ పెట్టె ఎక్కింది. ఉద్యోగంలో చేరింది, డేటా దొంగల ముఠాని పసిగట్టింది. నవలారావు ఏడు అధ్యాయాలు ప్రింటు తీసి భార్య చేతికిచ్చాడు. ఆవిడ ఎర్ర పెన్ను పక్కన పెట్టుకుని చదివింది. ఏడో అధ్యాయం మొదట్లోనే ఆగింది. శశి ఆరింటికి నిద్రలేచి, పొగలు కక్కే ఫిల్టర్ కాఫీతో బాల్కనీలోకి వచ్చి, మియాపూర్ వైపు చూస్తూ కుట్ర గురించి ఆలోచిస్తోంది.

“ఏమండీ, ఈ కాఫీ ఎవరు పెట్టారు?”

ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. “కాఫీయేగా. ఉంటుంది.”

“ఎక్కడ?”

“బల్ల మీద.”

మర్నాడు శశికి ఒక అత్తగారిని తెచ్చి, ఆవిడ చేత కాఫీ పెట్టించాడు. “ఆరింటికల్లా కోడలికి కాఫీయా? భానుమతిగారి అత్తగారు వింటే మడిలో ఉండి కూడా పడీపడీ నవ్వుతుంది” అంది భార్య. అత్తగారిని తీసేసి వంటావిడని పెట్టాడు. “మన వంటావిడ ఏడున్నరకి గాని రాదు. మీ శశి తాగేది ఆరింటికి.” సరే, శశే పెట్టుకుంటుందన్నాడు. ఫిల్టరు ఏ అరలో ఉంటుందని అడిగి మరీ వంటింట్లోకి వెళ్ళాడు. చూపించింది. పై గిన్నెలో పొడి వెయ్యాలి, మరిగే నీళ్ళు పొయ్యాలి, డికాక్షన్ చుక్కచుక్కగా దిగాలి.

“ఎంతసేపట్లో దిగుతుంది?”

“రాత్రే వేసి పడుకుంటానండీ.”

నవలారావు నెత్తిన పిడుగు పడింది. రాత్రంటే ఆరో అధ్యాయం. ఆ రాత్రి శశి పదకొండున్నర దాకా దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఎనిమిదిమంది రౌడీలతో ఒంటరిగా తలపడుతోంది. అక్కణ్ణించి క్యాబ్ దొరికి, చందానగర్ చేరి, అంట్లు తోమి, డికాక్షన్ వేసి ఎప్పుడు పడుకుంటుంది, ఆరింటికి ఎప్పుడు లేస్తుంది? కాగితం మీద లెక్క కట్టించుకున్నాడు, ఇంట్లో లెక్కల టీచరు ఉంది కనక. ఫైట్‌ని తొమ్మిదింటికి జరిపాడు. రౌడీలని అయిదుగురికి తగ్గించాడు.

“దోసెలకి పప్పు నానబోసిందా?” అంది ఆవిడ.

ఇంకో ఇద్దరు తగ్గారు.