టర్న్‌టేబుల్ విజయము

అవతారిక. ఘంటం పట్టిన కవులకు సరస్వతి దిక్కు. సోల్డరింగ్ ఐరన్ పట్టినవాడికి రోజిన్ పొగే ధూపం. 63 పాళ్ల తగరం, 37 పాళ్ల సీసం కలిసి 183 డిగ్రీల దగ్గర కరిగి, తళుక్కున మెరిసే ఆ చుక్కే దైవదర్శనం. ఇక కుకవినింద. అన్ని కనెక్షన్లకూ నల్లతీగే వాడేవాళ్లనూ, తీగలు మెలిపెట్టి పైన టేపు చుట్టి అతుకు వేశామనేవాళ్లనూ తలుచుకోవడమే పాపం గనుక అది ఇంతటితో సమాప్తం.

పురవర్ణన. అమెరికా దేశాన మంచు కురిసే ఊళ్లలో ఇళ్ల కింద బేస్‌మెంట్ అనే పాతాళలోకం ఉంటుంది. అక్కడ బట్టల మిషన్‌కూ నీళ్ల హీటరుకూ నడుమ, ప్లైవుడ్ పీఠం మీద ఒక మహానగరం వెలిసింది. 1935లో మిల్వాకీలో పుట్టిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ కొలతలే దానికి ధర్మశాస్త్రం. హెచ్‌ఓ స్కేలు గనుక అక్కడ ప్రతి వస్తువూ అసలులో 87వ వంతు. పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. పర్వతాలు ప్లాస్టర్‌వి, నది వార్నిష్‌ది. అరికాళ్లకు జిగురు రాసి నిలబెట్టిన పౌరులు ప్లాట్‌ఫాం మీద ఏళ్ల తరబడి రైలు కోసం కాచుకుని ఉన్నారు, ఒక్కరూ విసుక్కోరు.

ఆ నగరానికి నాభి టర్న్‌టేబుల్. అసలు వంతెన 130 అడుగులైతే ఇక్కడ సుమారు 18 అంగుళాలు. ఆవిరి ఇంజన్ ముందుకు ఉరకడానికి పుట్టిన వీరుడు. రైలు పట్టుకుని దూరాలు వెనక్కి నడవడం అతనికి కష్టమూ, అప్రతిష్ఠా. అందుకే అతణ్ణి వీపున మోసుకుని గుండ్రంగా తిరిగి, ముఖం మార్చి పంపుతుంది ఈ వంతెన. చుట్టూ రౌండ్‌హౌస్, అందులో గదికో ఇంజన్.

యుద్ధకారణం. పట్టాలు రెండింటిలో ఒకదాన్ని ధనుడు, రెండోదాన్ని ఋణుడు ఏలుతుంటారు. ఇద్దరూ 12 వోల్టుల పవర్ ప్యాక్ కడుపున పుట్టిన దాయాదులే. ఎవరి పట్టా మీద వాళ్లున్నంత కాలం లోకం చల్లగా నడుస్తుంది. అయితే ఒక శనివారం రాత్రి, ఘుర్ఘురారావ గేరుచక్ర సంచాలితమై, మందరగిరిలా మెల్లమెల్లగా కదిలిన వంతెన సరిగ్గా సగం చుట్టు తిరిగింది. ఎడమ పట్టా కుడికొచ్చింది, కుడిది ఎడమకెళ్లింది. వంతెన మీది ధనుడికి ఎదురుగా ఒడ్డున ఋణుడు! వెంట్రుకవాసి సందుకు అటొకరు, ఇటొకరు. ఇంజన్ తొలిచక్రం ఆ సందు మీద కాలుపెట్టి ఇద్దరినీ తాకిందో లేదో, చిటుక్కుమని నీలిమెరుపు! షార్టు! సర్క్యూట్ బ్రేకర్ ఎర్రదీపం వెలిగించి మూర్ఛపోయింది. రైళ్లన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. పౌరులు మాత్రం చలించలేదు, జిగురు మహిమ.

నాయక ప్రవేశం. అప్పుడు వచ్చాడు చింతపిక్కంత వీరుడు, డీపీడీటీ టాగుల్ స్విచ్. కాళ్లు ఆరు, మూడేసి చొప్పున రెండు వరసలు. తలమీద ఒకే ఒక్క మీట. నడిమి కాళ్లు రెండింటికీ పవర్ ప్యాక్ తీగలు. పై కాళ్లు రెండింటి నుంచి వంతెన పట్టాలకు తీగలు. పై ఎడమ నుంచి కింది కుడికి ఒకటి, పై కుడి నుంచి కింది ఎడమకు ఒకటి, ఒకదాన్నొకటి తాకకుండా దాటే ఇంటూ గుర్తు. అదే పాశుపతం! మీట ఒకవైపు వేస్తే ఎవరి పట్టా వారిదే. రెండోవైపు వేస్తే దాయాదులు సింహాసనాలు మార్చుకుంటారు. ఇంజన్ పూర్తిగా వంతెన మీదికొచ్చి ఆగాక, థ్రాటిల్ సున్నాకు దించి మీట తిప్పడమే ధర్మయుద్ధ నియమం.

పరివారం కూడా సామాన్యం కాదు. రౌండ్‌హౌస్ గదికో చిన్న స్విచ్ ద్వారపాలకుడు. వాళ్లు లేకపోతే థ్రాటిల్ పెంచగానే నిద్రలో ఉన్న ఇంజన్లన్నీ ఒక్కసారి లేచి వంతెన తిరిగే గుంటలోకి దూకుతాయి. మీట తిప్పే శ్రమ వద్దనుకునేవారికి రెండు ముక్కలుగా కోసిన రాగి వలయం ఉంది. వంతెన తిరుగుతూ ఆ కోత దాటగానే దాయాదులు తమంతట తామే చోట్లు మార్చుకుంటారు. ఆ కోత ఏ పట్టాకూ ఎదురుగా పడకూడదు, అంతే. కలియుగ డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలోనైతే ఆటో రివర్సర్ అనే మాయావి, బ్రేకర్ కన్ను తెరిచేలోపే తగవు తీర్చేస్తాడు.

ఫలశ్రుతి. దీన్ని చదివినవారికి స్వర్గం వస్తుందని చెప్పను. షార్టు మాత్రం రాదు. కానీ పట్టాల సప్లైతోనే వంతెన మోటారు కూడా నడిపేద్దామన్న పొదుపుబుద్ధి పుడితే వెంటనే అణచుకోండి. థ్రాటిల్ తగ్గించినప్పుడల్లా వంతెన కూడా నీరసిస్తుంది. దానికి వేరే సప్లై ఇవ్వండి. ఐరన్ వేడెక్కేలోగా పవర్ ప్యాక్ ప్లగ్గు పీకండి. శుభమస్తు.