«ఇచ్చట పొగ త్రాగరాదు» : టీకా తాత్పర్యములు

మూలము: ఇచ్చట పొగ త్రాగరాదు.

అవతారిక: రాజమహేంద్రవరమున, గోదావరి గట్టునకు కేకవేసినంత దూరములో, వేపచెట్టు నీడను పది పండ్రెండు బల్లలు పరచి, ఉదయము పెసరట్టును ఉప్మాను, సాయంకాలము పుణుకులను వడ్డించు ఒకానొక ఫలహారశాల కలదు, ఆ వేపమ్రానికి మేకుతో దిగగొట్టిన రేకుపలకపై నున్నది ఈ వాక్యము. కర్త యెవరో తెలియదు, కాలము తుప్పునుబట్టి ఊహింపదగినది, ఛందస్సు శూన్యము. అయినను మూడు పదముల ఈ గ్రంథమునకు నిత్యము ఎన్ని వ్యాఖ్యానములు పుట్టుచున్నవో, దాని క్రింది బల్లవద్ద కూర్చుండి కాఫీ చల్లారువరకు చెవియొగ్గు నాబోటివానికి తెలియును గాని, పలక వ్రాయించిన యజమానికి తెలియదు.

ఇచ్చట = ఈ చోటున. ఇది సులభమైన పదమని బడిపిల్లవాడు సయితము దాటిపోవును. చిక్కంతయు ఇందే యున్నది. ఇచ్చట యనగా గల్లాపెట్టెకును వంటశాలకును నడుమనున్న కప్పు క్రింది భాగమే యని పొగరాయుళ్ల మతము. చెట్టునీడ ఎంతమేర పరచుకొనునో అంతమేరయు నని పిల్లల తల్లుల మతము. ఈ మతము ననుసరించినచో నిషేధము మిట్టమధ్యాహ్నము మ్రాను మొదట ముడుచుకొని, ప్రొద్దు వాలినకొలది సాగి సాగి, ప్రక్కనున్న బడ్డీకొట్టును గూడ కబళింపగలదు. తాను కూర్చున్న కుర్చీ తప్ప తక్కినదంతయు ఇచ్చటయే యని, పైకి చెప్పకున్నను, ఎల్లవారి మతము.

శాసనకర్తలును ఈ పదమువద్దనే తడబడిరి. 2003 నాటి పొగాకు చట్టము బహిరంగస్థలములను లెక్కించుచు భోజనశాలలను అందులో చేర్చి, తుదకు ఆరుబయలు మాత్రము ఇందులోనికి రాదని ఒక తోకను తగిలించి విడిచినది. 2008 అక్టోబరు 2వ తేదీన, గాంధీజయంతినాడు, అమలులోనికి వచ్చిన నియమావళి భోజనశాల యనగా దాని చుట్టునున్న ఆరుబయలు గూడ నని విస్తరించి చెప్పినది. సూత్రకారుడు వీధిలోనికి నెట్టినవానిని వృత్తికారుడు చేయిపట్టి మరల లోనికి తెచ్చినట్లయినది. ఇంతకంటె వింత వేరొకటి కలదు: ముప్పదిమందికి తక్కువగాక కూర్చుండ వసతిగల భోజనశాల పొగకై ప్రత్యేకస్థలము నేర్పరుపవచ్చును గాని, దానికి నాలుగువైపుల నిలువెత్తు గోడలును, తనంత తాను మూతపడు తలుపును, పొగను వెలికి తోలు ఏర్పాటును ఉండవలెనట. లోకులేమో లోపల తప్పుగాని బయట తప్పేమి యందురు. నియమమేమో బయట కూడదు, గోడల నడుమనైన కూడు ననుచున్నది. ఈ విరోధమునకు పరిహారము చెప్పగల మీమాంసకు డింకను ఆ వేపచెట్టు క్రిందికి రాలేదు.

పొగ = ధూమము. పెనముమీది నూనెపొగయా, దోమలకై సాంబ్రాణి వేసిన పొగయా యన్నది మూలమున లేదు. సందర్భమునుబట్టి పొగాకు పొగ యని గ్రహింపవలెను. 1947లో పొగాకు పరిశోధన సంస్థ నెలకొని, లంకపొగాకు చుట్టకు పేరుమోసిన ఊరిలో మరియొక అర్థము తోచుటయే అపచారము. పొగ కనబడినచోట నిప్పును ఊహింపవలెనని తార్కికులు చెప్పుదురు. ఇచ్చట ఊహతో పనిలేదు. బడ్డీకొట్టు గుంజకు వ్రేలాడు కొబ్బరిపీచు త్రాటి కొన ఎఱ్ఱగా రగులుచుండును. ఒక యువకుడు చేతిలోని ఫోనునుండి చూపు మరల్చకయే దానివైపు వంగి, బుగ్గలు లోనికి పీల్చి, సిగరెట్టు ముట్టించుకొని వచ్చి మా ప్రక్కబల్లవద్ద కూర్చుండును. బూడిదపళ్లెము పెట్టరాదని నియమము గనుక యజమాని పెట్టలేదు. అందుచేత కాగితపు కప్పు అడుగున మిగిలిన గుక్కెడు కాఫీలో ఆ బూడిద రాలి చుయ్యిమనును.

త్రాగరాదు = త్రాగకూడదు. ఇది పూర్వవ్యాఖ్యాతలు కానని రత్నము. తెలుగువాడు చుట్టను గాని సిగరెట్టును గాని కాల్చును. గిరీశము వెంకటేశమునకు చేసిన విద్యాదానము చుట్ట కాల్చుటయే యని కన్యాశుల్కము చదివినవా రెరుగుదురు. (అడ్డపొగ పీల్చు ఉత్తరాంధ్ర ముసలమ్మలు నిప్పును నోటిలోపలనే యుంచుకొందురు గనుక, వారిని ఈ చర్చనుండి సగౌరవముగా మినహాయించుచున్నాను.) కాల్చువాడు ఒకడైనప్పుడు త్రాగువా డెవ్వడు? ప్రక్కబల్లవాడు. ఇష్టము లేకున్నను, కాఫీతో కలిపి, ఉచితముగా త్రాగుచున్నవాడు వాడే. కావున వాచ్యార్థమును పాటించినచో పలక నిషేధించినది వానిని. ఇది కేవలము శబ్దచమత్కారము గాదు, ఆచారమే ప్రమాణము. మొన్న నొక పెద్దమనిషి మనుమరాలిని ఒడిలో నుంచుకొని, «బాబూ, పసిబిడ్డ ఉంది, కాస్త అవతలికి వెళ్లి కాల్చుకోమ్మా» అనెను. «బయటే కదండీ బాబాయిగారూ, గాలికి పోద్దండి» అని యువకుడు మర్యాదగానే బదులు చెప్పెను. «ఆ గాలి ఇటే వస్తోంది బాబూ» అని, మరి రెండు నిమిషములు చూచి, పెద్దాయన పెసరట్టు పళ్లెమును ఒకచేతను, పిల్లను ఒకచేతను పట్టుకొని ఉక్కపోయు లోపలిగదికి పోయెను. త్రాగువాడు లేచిపోయెను, కాల్చువాడు నిలిచెను, పలక మాట అక్షరాల చెల్లెను.

పాఠాంతరము: రంగు పెచ్చులూడి, తుది యక్షరమైన దువర్ణము సగము రాలిపోవుటచే, దూరమునుండి చూచువారికి «ఇచ్చట పొగ త్రాగరా» యను పాఠము గోచరించును. కళాశాల విద్యార్థులందరు ఏకకంఠముగా దీనినే సాధుపాఠముగా అంగీకరించిరి.

విశేషము: ఉల్లంఘనకు దండన రెండువందల రూపాయల వరకు. ఆ చెట్టు క్రింద ఎవ్వరైన అది చెల్లించగా నేను చూడలేదు. అయితే అదే యువకుడు ఒకనాడు, రోడ్డువైపునుండి ఒక నడివయసు పెద్దమనిషి గొడుగుతో వచ్చుచుండగా చూచి, మండుచున్న సిగరెట్టును అరచేతిలో ముడిచి వీపువెనుకకు దాచి, వేళ్లు చురుక్కుమన్నను ముఖము చిట్లింపక, «దండాలు మామయ్యగారూ, రండి, కాఫీ తాగుదురుగాని» యని లేచి నిలుచుండెను. చట్టము చెప్పిన ఆరుబయలు ఏదో, చెప్పని ఆరుబయలు ఏదో వాని కప్పు డక్కరలేకపోయెను. మన దేశమున పొగ అన్యులకు హాని యన్నంతమాత్రమున ఆగదు, అమర్యాద యైనప్పుడే యాగును; పసిబిడ్డ ఊపిరికి జంకనివాడు మేనమామ చూపునకు జంకును. ఈ జంకు నాకు నచ్చినదని చెప్పజాలను, ఇందులో పసిబిడ్డకు లెక్కయే లేదు గనుక. పని జరుగుచున్న దింతవరకు దీనివలననే యని మాత్రము ఒప్పుకొందును.

తాత్పర్యము: ఈ చోటున మీరు తప్ప ఇతరులు పొగ కాల్చకుందురు గాక.

ఈ వ్యాఖ్యానము ముగించి, పలకకు మరల రంగువేయించ దలచిన యజమానితో, మూలమునే మార్చి «మీ మేనమామగారు లోపల ఉన్నారు» అని వ్రాయింపుడని సలహా చెప్పితిని. ఆయన వేళ్లు మడిచి లెక్కించుకొని, «పంతులుగారూ, పెయింటరు అక్షరానికింతని తీసుకుంటున్నాడండి. ఆ దు ఒక్కటీ వేయించేస్తాను» అనెను.