ఆరు దాటాకే

మా అత్తగారు నాలుగింటికే లేస్తారు. లేచి వంటింటి కిటికీ, బాల్కనీ తలుపు బార్లా తీసి, కుర్చీ వేసుకుని కూర్చుంటారు. ఆరు దాటితేగాని పొయ్యి ముట్టించరు. దుబాయ్‌లో మా ఫ్లాట్‌కి వచ్చిన రెండు నెలల్లో ఒక్కరోజు కూడా ఆ నియమం తప్పలేదు. లోపలి చల్లదనమంతా బయటికి, బయటి వేడంతా లోపలికి. నేను నిద్రమొహంతో కాఫీకి చూస్తుంటే, "ఆరవనివ్వండి అల్లుడుగారూ" అంటారు. ఏ మడో, ఏ మొక్కో అనుకున్నాను. అల్లుడు అత్తగారిని ఆరా తీస్తే ఏం బావుంటుంది?

పిల్లాడి సెలవులకి అందరం అజర్‌బైజాన్ వెళ్లాం. బాకూలో దిగి, కారు అద్దెకు తీసుకుని షెకీ, గబాలా కొండలన్నీ మూడు రోజులు చుట్టాం. దారి పొడుగునా అత్తగారి సంచిలోంచి పూతరేకులు వస్తూనే ఉన్నాయి. ఆఖరి రోజు విమానం రాత్రికి. మా ఆవిడ బజారుకి పోదామంది. ఇంతలో ఫోన్లో దారి చూస్తున్న పిల్లాడు, "నాన్నా, పక్కనే అగ్ని గుడి ఉందట" అన్నాడు. నేను చేసేది గ్యాసు పైపులైన్ల భద్రత పని. మంట అనేసరికి నా చెయ్యి ఆగలేదు. కారు సురాఖానీ వైపు తిరిగింది. మా ఆవిడ మొహం అటు తిరిగింది.

దాన్ని ఆతెష్‌గాహ్ అంటారు. ఐదు మూలల ప్రాకారం, చుట్టూ ఒకప్పుడు సాధువులున్న గదులు, నడిమధ్య నాలుగు స్తంభాల మండపం, మండపం మీద త్రిశూలం. లోపల మంట. 17, 18 శతాబ్దాల్లో ముల్తాన్ వైపునుంచి వచ్చిన మన వర్తకులు కొలిచిన చోటు. గోడ మీద శాసనం కనిపిస్తే, బళ్ళో హిందీ చదువుతున్న మావాడు కూడబలుక్కుని, "శ్రీ గణేశాయ నమః" అన్నాడు. అంతే, అత్తగారు చెప్పులు విడిచేశారు.

"ఇంత దూరాన మన వినాయకుడేంటండీ!" అని మండపం దగ్గరకి నడిచారు. సెగ తగులుతున్నా వెనక్కి తగ్గలేదు. మా ఆవిడ "అమ్మా, జాగ్రత్త" అంటే నవ్వేశారు.

"ఇదో మంటేంటే! పాసర్లపూడి గ్యాసు బావి మంట ముందు ఇదో లెక్కా? 1995లో 65 రోజులు మండింది. నువ్వు చంటిపిల్లవి, చంకనేసుకెళ్లి చూపించా. రాత్రిళ్లు వీధిలో దీపం అక్కర్లేకపోయింది. బస్సులేసుకుని వచ్చేవారు జనం, ఆయ్!"

మనవణ్ణి పక్కన నిలబెట్టుకుని, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకున్నారు. పూతరేకొకటి తీసి గట్టు మీద నైవేద్యం పెట్టారు. ఆ మొహంలో అంత ప్రశాంతత నేను ఈ రెండు నెలల్లో చూడలేదు.

అక్కడ నేను ఊరుకోవాల్సింది. తెలిసిన విషయం కడుపులో దాగదు కదా!

"ఇది అసలు మంట కాదండీ అత్తయ్యగారూ. భూమిలోంచి దానంతటదే వచ్చే మంట 1969లోనే ఆరిపోయింది. చుట్టుపక్కల గ్యాసంతా తోడేశారు. ఇప్పుడు మండేది బాకూ నుంచి పైపులో వస్తున్న గ్యాసు. అంతా మా చేతిలో పనే. భయం లేదు, ఏ తేడా వచ్చినా ఒక్క వాల్వు తిప్పితే చాలు."

అత్తగారు కళ్లు తెరిచారు. ముందు గాలి వాసన చూశారు. తర్వాత పిల్లాడి రెక్క పుచ్చుకుని గబగబా గేటు దాకా నడిచారు. చెప్పులు మండపం దగ్గరే ఉండిపోయాయి.

వాటిని చేత్తో పట్టుకుని వెనకాలే వెళుతుంటే అప్పుడు తట్టింది నాకు. అత్తగారి ఊరు నగరం. పేరుకే నగరం, మామిడికుదురు మండలంలో తాటిపాక పక్కనుండే పల్లె. 2014 జూన్ 27న, ఇంకా పూర్తిగా తెల్లారకుండానే, తుప్పుపట్టిన పైపులోంచి కారిన గ్యాసు ఆ ఊరిమీద పరుచుకుంది. టీ దుకాణంలో పొయ్యి ముట్టించగానే అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి. 20 మందికి పైగా పోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. మా వృత్తిలో ఆ ఊరి పేరు తెలియనివాళ్లు లేరు. కొత్తగా చేరినవాళ్లకి నేను చెప్పే పాఠంలో ఆరో స్లైడు అదే. ఏడాదికి నాలుగైదుసార్లు చూపిస్తాను. పెళ్లయి తొమ్మిదేళ్లయింది, ఆ తెల్లవారుజామున మీరెక్కడున్నారని అత్తగారిని ఒక్కసారీ అడగలేదు.

చెప్పులు ఆవిడ కాళ్ల దగ్గర పెట్టాను. వేసుకోలేదు. మనవడి భుజాలు రెండు చేతులా పట్టుకుని, మంట వైపే చూస్తూ, మెల్లిగా అడిగారు:

"ఆ వాల్వు తిప్పేవాడు తెల్లారగట్ల ఐదున్నరకి మెలకువగానే ఉంటాడా, అల్లుడుగారూ?"