మావయ్యగారి లినక్సుకు ప్రింటరు తగిలించు విధము

ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందని మావయ్యగారు పాపం మాటవరసకి అన్నారు. విండోస్ పీకేసి ఉబుంటు అనే లినక్సు ఎక్కించింది మీరే. ఇప్పుడు వైఫై రావట్లేదు. ప్రింటరూ వైఫైదే. ఆయనకేమో పెన్షన్ కాగితం కావాలి.

వెళ్ళగానే "ఏమైందండీ?" అని అడక్కండి, అది కాంపౌండరు అడిగే ప్రశ్న. "ఈ ప్రింటరు ఎవరు కొనమన్నారండీ?" అని నిట్టూర్చండి. కొనమన్నది మీరేనని గుర్తొస్తే మాట మార్చండి.

తర్వాత టెర్మినల్ తెరవండి. నల్ల తెర మీద తెల్లక్షరాలు పరిగెడుతుంటే అత్తయ్యగారు కూడా వంటింట్లోంచి వచ్చి చూస్తారు. ఎల్‌ఎస్‌పీసీఐ అని కొడితే వైఫై చిప్పు ఎవరు చేసిందో తెలుస్తుంది. తెలిసినా పైకి అనకండి, "ఊఁ" అని తలాడించండి చాలు.

ఇక యజమాని హోదాలో పనులు చేయించే సుడో. అది అడిగే పాస్‌వర్డు ఆయన చేతే కొట్టించాలి. మీరెక్కించింది కాస్త పాత ఉబుంటు కనక, కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడదు. లోపల అక్షరాలు చేరుతూనే ఉంటాయి. పాస్‌వర్డు ఎంత పొడవో కూడా పక్కవాడికి తెలియకూడదని ఆ ఏర్పాటు. ముందే చెప్పేస్తే మజా ఏముంది? ఆయన ఒక్కో మీటా గట్టిగా నొక్కుతారు. ల్యాప్‌టాప్ బోర్లించి దులుపుతారు, వేరుశెనగ పొట్టు రాలుతుంది. మళ్ళీ మొదలెడతారు. మూడుసార్లు తప్పయి అది పొమ్మన్నాక చెప్పండి, "అదంతేనండీ" అని.

వైఫై పలకాలంటే డ్రైవరు కావాలి, డ్రైవరు దింపాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే వైఫై కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు. దీనికి విరుగుడుంది: ఫోనుకు చార్జింగు వైరు గుచ్చి ల్యాప్‌టాప్‌కు తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే నెట్ వచ్చేస్తుంది. ఈ ముక్క నాకు ఓ ఇంట్లో నాలుగు గంటలు కుస్తీ పట్టాక పదో తరగతి పిల్ల చెప్పింది. మీరు మాత్రం చివరిదాకా దాచుకోండి.

ఈలోగా చరిత్ర ఎత్తుకోండి. 1980 ప్రాంతంలో అమెరికాలో, ఎంఐటీ ల్యాబులో జిరాక్స్ కంపెనీ ప్రింటరులో కాగితం ఇరుక్కుంటూ ఉండేది. ఇరుక్కున్నప్పుడల్లా అందరికీ కబురందేలా ప్రోగ్రాం మారుద్దామని అక్కడి ప్రోగ్రామరు రిచర్డ్ స్టాల్‌మన్ సోర్స్ కోడ్ అడిగితే, అది దగ్గరున్నాయన ఇవ్వనన్నాడు. ఆ మంట ఆరలేదు, 1983లో ఎవరైనా వాడి మార్చుకోగల సాఫ్ట్‌వేరు కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. "స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కథ మొదలైందే ప్రింటరు గొడవతో, మావయ్యగారూ!" అని బల్ల చరచండి.

అప్పటికి ఆయన చెప్పులు తొడుక్కుంటూ ఉంటారు. పెన్షన్ కాగితాన్ని ఫోన్లోంచి వాట్సాప్‌లో వీధి చివర జిరాక్స్ షాపుకి పంపేసి ఉంటారు. ఆ ఆండ్రాయిడ్ ఫోన్లో ఉన్నదీ లినక్స్ కెర్నలే, ఎవరి సాయమూ లేకుండా ఏళ్ళ తరబడి వాడుతున్నారు. ఆ సంగతి మాత్రం ఆయన చెవిన పడనివ్వకండి.

వస్తూ వస్తూ మీకో నిమ్మసోడా తెస్తారు. తాగండి. 1991లో హెల్సింకీ కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ పట్టుకుని మీ కథలోకి రావడం ఇంకా మిగిలే ఉంది.