చక్రాల మీది ఇల్లు, కిటికీలోని ఊరు

ఈ వేసవిలో మనవారికి పట్టిన క్రొత్త వెఱ్ఱి యేదో చదువరులకు వేఱుగా చెప్పనక్కఱలేదు; వారి ఫోనులన్నియు ఆ దృశ్యములతోనే నిండియున్నవి. వారమంతయు కంప్యూటరు ముందు కూర్చున్న నాలుగు కుటుంబములవారు బ్యాంకు హాలిడేకు ముందు శుక్రవారమున ఒక మోటార్‌హోమును అద్దెకు తెచ్చి, సోమవారము సాయంకాలము వఱకు పాతకాలపు రహదారి పట్టణములను ‘అన్వేషించి’, ఆ అన్వేషణమునకు ఒక వేణునాదమును తగిలించి లోకము మీదికి వదలుచున్నారు. ఇంగ్లండులోని నార్తాంప్టన్‌లో కాపురమున్న పాపమునకు ఆ బండి మా గుమ్మము ముందు ఆగుటయు, “బాబాయిగారూ, టౌసెస్టర్ పోతున్నాం, మీరూ రండి, నోస్టాల్జియా అదిరిపోతుంది” అను పిలుపు వినవచ్చుటయు నాకు పరిపాటియైనది.

ఎవరి నోస్టాల్జియా, నాయనా? టౌసెస్టర్ రోమనుల నాటి వాట్లింగ్ స్ట్రీటు మీది ఊరు. గుఱ్ఱపు కోచీల కాలమున వచ్చిపోవు బండ్లతోను, వాని కొఱకు వెలసిన పూటయిండ్లతోను బ్రతికినది. డికెన్సు తన నవలలోని పిక్విక్కును వానలో తడిపి తెచ్చి ఇచటి సారసెన్స్ హెడ్ సత్రములోనే దింపినాడు. నరసరావుపేటలో పుట్టి, ఎఱ్ఱబస్సులో వేలాడుచు కాలేజీకి పోయివచ్చిన పెద్దమనిషి, తన తాత కలలోనైన కానని ఆ కోచీల కొఱకు కెమెరా ముందు గద్గదకంఠుడగుట చూచితిని. ఏడ్చుకొననిండు, దానికి పన్ను లేదు.

నాకు మింగుడుపడనిది ఆ బండి. మూడున్నర టన్నుల ఆ వాహనములో ప్రెషరు కుక్కరు కలదు, గ్యాసు పొయ్యి కలదు, బాసుమతి బియ్యపు సంచి కలదు, ఆవకాయ కలదు, ఒకటికి రెండుగా ఇడ్లీరేకులు కలవు. మంచములు కలవు, స్నానపుగది కలదు, పిల్లలకు టీవీ కలదు. ఊరికి వచ్చిన బాటసారికి ఊరితో అనాదిగా ఉన్న అవసరములు మూడు: పిడికెడన్నము, పడుకొన చోటు, దారి చెప్పు మనిషి. మొదటి రెండు బండిలోనే ఉన్నవి, మూడవది ఫోనులో ఉన్నది. ఇక ఆ ఊరితో వీరికి పనియేమి?

పనియేమియు లేదు గనుకనే పార్కింగు స్థలమున బండి నిలిపి, దాని కిటికీకి కట్టిన తెరను ఇంచుక తొలగించి, లోపల కాచుకొన్న టీ త్రాగుచు, “అయ్యో, ఈ పాత సత్రాలన్నీ ఎలా మూతబడ్డాయో!” అని నిట్టూర్చుచుందురు. ఎట్లు మూతపడినవో ఆ టీ కప్పునే అడిగిన చెప్పును.

ఇంకను ఒకటి కలదు. ఆ బండి మరుగుదొడ్డికి అడుగున కేసెట్టు అని ఒక పెట్టె యుండును. అది నిండిన తరువాత దానిని క్రుమ్మరించుటకు తగిన తావు కొఱకు మన అన్వేషకులు పడు ఆరాటములో పదవవంతైనను ఊరి చరిత్ర కొఱకు పడి యుండినచో నేడు వీరందఱును పురాతత్త్వ పండితులై యుండెడివారు. నాలుగు దినముల యాత్రలో ఆ పట్టణమునుండి వీరు పుచ్చుకొన్నది దృశ్యము, ఆ ప్రాంతమునకు ఇచ్చిపోయినది ఆ పెట్టెలోనిది.

“మన ఏనుగుల వీరాస్వామయ్యగారు మాత్రము డేరాలు మోయించుకొని పోలేదా?” అని ఒక మేధావి నన్ను నిలదీసెను. పోయెను. 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి పెద్ద పరివారముతో కాశికి బయలుదేరి, పదునైదు నెలలకు పైగా తిరిగెను. కాని మజిలీ మజిలీకి ఆగి, ఇచట ఇండ్లెన్ని, అంగళ్లలో ఏ వస్తువు దొరకును, నీళ్ల వసతి యెట్లున్నది, బాట యెట్టిదని వ్రాసికొనుచు పోయెను. వెనుక వచ్చువానికి పనికివచ్చునట్లు వ్రాసెను. ఆయన పరివారమునకు ప్రతి సంతతోను బేరము తప్పలేదు. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ అచ్చయిన 1838లోనే లండన్–బర్మింగ్‌హామ్ రైలుమార్గము పూర్తిగా తెఱవబడి, టౌసెస్టరును ప్రక్కకు విడిచి బ్లిస్‌వర్త్, వీడన్‌ల మీదుగా పోయి, కోచీల బేరమును ఒక్కపెట్టున చంపినది. 1959 నవంబరు 2న ఎం1 రహదారియు, దానితోపాటే వాట్‌ఫర్డ్ గ్యాప్ సర్వీసులును వచ్చి, ఊరిలో ఆగకయే ఆకలి తీర్చుకొను విద్యను నేర్పినవి. ఇప్పుడు ఆ విద్యను చక్రముల మీద కెక్కించి మనవారు ఊరిలోనికే తెచ్చినారు.

వ్యంగ్యము ఇక చాలును. నాకు నిజముగనే కోపము వచ్చుచున్నది. ఏ రహదారిని చూచి వీరు పరవశించుచున్నారో ఆ రహదారి మీది లారీల పొగను ఆ ఊరివారు దశాబ్దములుగా పీల్చుచు, ఊరి వెలుపలినుండి వేఱొక బాట వేయుడని మొఱపెట్టుకొనుచు వచ్చిరి. 2018లో నార్తాంప్టన్‌షైర్ కౌంటీ కౌన్సిలు ఖజానా ఖాళీయై, క్రొత్త వ్యయములను నిషేధించు నోటీసు వెలువరించి, చిన్న ఊళ్లలోని గ్రంథాలయములను ఇరువదికి పైగా వదిలించుకొనబూనినప్పుడు జనులు కోర్టుకెక్కి పోరాడిరి. చిన్న పట్టణమనగా అది. అది బ్రతుకుటకు పెనగులాడుచున్నప్పుడు వీడియో తీయ వచ్చినవాడొక్కడును లేడు. మాసిన గోడయు తుప్పుపట్టిన బోర్డును మాత్రము వీరికి కావలెను. ఊరు బాగుపడి గోడకు సున్నము కొట్టుకొన్నచో వీరికి చిత్రము చెడును. ఇతరుల పేదఱికమును అలంకారముగా అనుభవించుటకు నోస్టాల్జియా అని పేరు పెట్టినంత మాత్రమున అది మర్యాద కాదు.

మా ఊరి శివార్లలో హార్డింగ్‌స్టన్ వద్ద ఎలినార్ రాణి శవయాత్ర ఆగిన తావున ఏడు శతాబ్దములుగా నిలిచియున్న శిలాస్తంభము కలదు. దాని ప్రక్కన బండి ఆపుటకు చోటు చాలదట. కనుక అది అన్వేషణలో చేరలేదు.

నార్తాంప్టన్‌నుండి టౌసెస్టరుకు బస్సు కలదు. మోటార్‌హోముకు ఒక రాత్రి అద్దెతో ఒక కుటుంబము ఆ బస్సులో పోయి, ఊరిలో కడుపునిండ భోజనము చేసి, పిల్లలకు ఏదైన కొనియిచ్చి తిరిగి రావచ్చును. ఇకమీదట నన్ను పిలువదలచినవారు ఆ బస్సుకు పిలువుడు. వచ్చెదను, కాఫీ ఖర్చు నాది. ఆ చక్రాల యింటిని మాత్రము మా గుమ్మము ముందు నిలుపకుడు.