మొదటి ఐదు నిమిషాల మాస్టారు

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ఇంగ్లీషు మాస్టార్లు రెండు రకాలు. గంట కొట్టగానే "పుస్తకాలు తెరవండి" అనేవాళ్లు మొదటి రకం. గంట కొట్టగానే "పుస్తకాలు మూయండి" అనేవాళ్లు రెండో రకం. మొదటి రకం వాళ్లతో రాష్ట్రం నడుస్తోంది. రెండో రకం మనిషి మండలానికి ఒక్కడుంటాడు. ఇద్దరుంటే మండలం తట్టుకోలేదు. ఆయన్నే వార్మప్ మాస్టారంటారు.

గుర్తుపట్టడం సులువు. చంకలో హాజరుపట్టీ, చేతిలో చుట్టిన పాత క్యాలెండరు, చొక్కా జేబులో ఆకుపచ్చ పెన్ను. గడప దాటకముందే "పెన్నులు తీయండి, ఐదు నిమిషాలే" అంటాడు. గుడ్ మార్నింగులు తర్వాత. పాఠంలోకి దిగే ముందు పిల్లలు రోజూ ఐదు నిమిషాలు ఇంగ్లీషులో ఏదో ఒకటి సొంతంగా రాయాలి. దానికి మార్కులుండవు, చీవాట్లుండవు. ఇదీ ఆయన మతం.

ఈ మతం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు, బెంగళూరులో పుచ్చుకున్నది. 1963 నుంచి దక్షిణాది ఇంగ్లీషు మాస్టార్లకు శిక్షణ ఇస్తున్న రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అక్కడే ఉంది. 30 రోజుల కోర్సుకు ఎవర్నో ఒకర్ని పంపమని ఉత్తర్వు వచ్చిన రోజున మండలంలో ఒక మాస్టారి అత్తగారికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. ఇంకొకాయనకు నాట్లు అడ్డొచ్చాయి. మూడో ఆయన ఫోను రెండ్రోజులు మూగబోయింది. మిగిలింది మనవాడు. నెల్రోజులు తీపి సాంబారు తిని, ఒక సర్టిఫికెట్టు, ఒక ఫైలు, ఒక అమెరికా పెద్దమనిషి పేరు పట్టుకుని రైలు దిగాడు.

ఆ పెద్దమనిషి పీటర్ ఎల్బో. 1973లో ఆయన రాసిన పుస్తకం ప్రకారం, రాత పట్టుబడాలంటే పది నిమిషాలు పెన్ను ఆపకుండా రాసుకుంటూ పోవాలి. వెనక్కి చూడకూడదు, కొట్టేయకూడదు, స్పెల్లింగు కోసం ఆగకూడదు. ఏమీ తోచకపోతే తోచడం లేదనే రాయాలి. మాస్టారు ఇదంతా హెడ్మాస్టరు గారికి పూస గుచ్చినట్టు చెప్పి, చివర్లో పుస్తకం పేరు కూడా చెప్పాడు. "రైటింగ్ వితౌట్ టీచర్స్."

హెడ్మాస్టరు గారు లేచి వెళ్లి తలుపు వేసి వచ్చారు. "టీచర్లు లేకుండానా? మెల్లగా అనండి మాస్టారూ. అసలే టీచర్ల సర్దుబాటుకు 117 జీవో వచ్చి సర్‌ప్లస్ ఎవరు దొరుకుతారా అని చూస్తున్నారు."

పది నిమిషాలు మన బళ్లో దొరకవు కాబట్టి మాస్టారు ఎల్బోని సగానికి కోసి ఐదు చేశాడు. పీరియడు 45 నిమిషాలు. అందులో పిల్లల హాజరు యాప్‌లోకి ఎక్కాలి, దానికి సిగ్నలు కావాలి, సిగ్నలు కిటికీ దగ్గర మాత్రమే ఉంటుంది. తర్వాత గుడ్లు ఎందరికి, చిక్కీలు ఎందరికి అని వంటావిడ కబురు. అవన్నీ అయ్యాక ఐదు నిమిషాల రాత మొదలవుతుంది. రాసింది చదవడానికి పది నిమిషాలు. "నువ్వు చదవరా", "నేను చదవను సార్", "ఫరవాలేదు చదవరా", "వీడు నవ్వుతున్నాడు సార్" అనుకోవడానికి ఇంకో పది. ఇంతలో గంట. "పాఠం రేపు చూద్దాం" అని మాస్టారు తృప్తిగా బయటికి వస్తాడు. అంత కష్టపడి వేడెక్కించిన బుర్రలన్నీ తర్వాతి పీరియడు లెక్కల మాస్టారి పాలవుతాయి. ఆయనకు ఆ విశ్వాసమన్నా లేదు. "నా దగ్గరికి వచ్చేసరికి పిల్లలు రాసి రాసి సొమ్మసిల్లి ఉంటున్నారు" అని స్టాఫ్ రూములో ఫిర్యాదు. డ్రిల్లు మాస్టారి బాధ వేరు. "వార్మప్ నాది. పేరూ ఆయనే తీసుకున్నాడు, వర్షం పడితే పీరియడూ ఆయనే తీసుకుంటున్నాడు" అంటాడు.

వార్మప్పుల్లో వారాల వరస ఉంది. సోమవారం జాబితా. బడికి వచ్చే దారిలో కనిపించిన పది వస్తువులు రాయాలి. మంగళవారం బొమ్మ. ఎరువుల కొట్టువాడు పంచిన క్యాలెండరు విప్పి, అందులో లక్ష్మీదేవి ఏమనుకుంటోందో రాయమంటాడు. ఆ బొమ్మ కిందే కొట్టు పేరుంటుంది కనుక ఒకడు "షీ ఈజ్ థింకింగ్ యూరియా రేట్" అని రాశాడు. బుధవారం నేనే పక్షినైతే. గురువారం ఎల్బో గారి ఆగని పెన్ను. ఒక గురువారం వెనక బెంచీవాడు "ఐ హావ్ నథింగ్ టు రైట్" అని మొదలుపెట్టి పేజీ చివరిదాకా అదే రాశాడు. నియమం తు.చ. తప్పకుండా పాటించాడని మాస్టారు వాడి వీపు తట్టాడు. అటుగా వెళ్తున్న హెడ్మాస్టరు గారు ఆ పేజీ చూసి, "ఇంత ఇంపోజిషన్ వేశారు, ఏం వెధవ పని చేశాడేమిటి?" అన్నారు.

శుక్రవారం తప్పు వాక్యం. మాస్టారు బోర్డు మీద కావాలని తప్పు రాసి నోరు మూసుకుంటాడు. పిల్లలు సరిచేసి రాయాలి. ఐదు నిమిషాలు అయ్యేదాకా ఎవరూ కిక్కురుమనకూడదు. ఒక శుక్రవారం బోర్డు మీద "హీ డోంట్ నోస్ ఇంగ్లీష్" అని ఉండగా ఎంఈవో గారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇది రాసిందెవరు?"

"సారే సార్!" అని క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో చెప్పింది.

"తప్పని తెలిసే రాశాను సార్" అన్నాడు మాస్టారు.

"నా సర్వీసులో దొరికిపోయినవాళ్లంతా తెలియక చేశామన్నారు. తెలిసి చేశానన్నవారు మీరొక్కరే" అని, ఎంఈవో గారు విజిట్ బుక్కు తెప్పించుకుని ఆయన ఇంగ్లీషు గురించి ఇంగ్లీషులోనే ఒక వాక్యం రాసి వెళ్లారు. అందులో రెండు తప్పులున్నాయి. మరుసటి శుక్రవారానికి వాక్యం వెతుక్కునే శ్రమ మాస్టారికి తప్పింది.

ఆకుపచ్చ పెన్ను గొడవ కూడా చెప్పుకోవాలి. ఎర్ర సిరా చూస్తే పిల్లలు బెదిరిపోతారని బెంగళూరులో ఎవరో చెప్పారు. అప్పట్నుంచి మాస్టారు ఆకుపచ్చ సిరా పట్టాడు. తప్పులు దిద్దడు, నచ్చిన వాక్యం కింద గీత గీస్తాడు. ఆకుపచ్చ సిరా గెజిటెడ్ అధికారి సొత్తు. బళ్లో గెజిటెడ్ అంటే హెడ్మాస్టరు గారొక్కరే. తన రంగు ఒక స్కూల్ అసిస్టెంటు జేబులో కనిపించేసరికి ఆయనకు రాత్రి అన్నం సహించలేదట. "తప్పులు దిద్దకపోతే మీ ఇష్టం మాస్టారూ, కానీ నా రంగులో దిద్దడం మానకండి... అదే, మానండి" అని తడబడ్డారు. మధ్యేమార్గంగా మాస్టారు నీలానికి దిగాడు. దాంతో ఏది పిల్లాడి గీతో, ఏది మాస్టారి గీతో తేలక, పిల్లలంతా తమకు నచ్చిన వాక్యాల కింద తామే గీసుకోవడం మొదలుపెట్టారు.

ఊళ్లోని రిటైర్డు హెడ్మాస్టరు గారికి ఇదంతా వింతేమీ కాదు. "మేమూ రోజూ రాయించేవాళ్లం. నాలుగు గీతల పుస్తకంలో పేజీ కాపీ రైటింగు, తర్వాత డిక్టేషను" అంటారు. నిజమే. "ఆనెస్టీ ఈజ్ ది బెస్ట్ పాలసీ" అని పేజీ నిండా గుండ్రంగా రాసి, కింద నాన్న సంతకం తామే పెట్టుకుని వచ్చిన తరం అది. దస్తూరి ముత్యాలే, వాక్యం మాత్రం ఎవరిదో. ఇప్పటి పిల్లలకూ ఆ అలవాటు పోలేదు. పరీక్షలో "మై బెస్ట్ ఫ్రెండ్" ఇస్తే తొమ్మిదో తరగతి మొత్తానికి స్నేహితుడు రామూయే. రాము పొద్దున్నే లేస్తాడు, పెద్దల్ని గౌరవిస్తాడు, వాళ్ల నాన్న డాక్టరు. ఆ ఊళ్లో డాక్టరన్నవాడు లేడు, జ్వరమొస్తే ఆరెంపీ దగ్గరికే పరుగు. అయినా రాముకి ఒక్క స్పెల్లింగు తప్పుండదు, మార్కులు నిండుగా పడతాయి. పక్క బెంచీలో కూర్చున్న అసలు స్నేహితుడి గురించి ఒక్క ముక్క ఉండదు.

అదే పిల్లలు మొదటి ఐదు నిమిషాల్లో రాసేవి వేరుగా ఉంటాయి. నాయనమ్మ గురించి రాయమంటే ఒకమ్మాయి ఇలా రాసింది. "మై గ్రాండ్‌మదర్ ఈజ్ స్కోల్డింగ్ బఫెలో డైలీ. బఫెలో ఈజ్ నాట్ కేరింగ్. దెన్ షీ ఈజ్ స్కోల్డింగ్ మై ఫాదర్. హీ ఈజ్ ఆల్సో నాట్ కేరింగ్." వాన గురించి ఇంకొకడు, "రూఫ్ ఈజ్ లీకింగ్. వీ పుట్ ఆల్ గిన్నెలు. ఫుల్ నైట్ మ్యూజిక్" అన్నాడు. వ్యాకరణం చూస్తే లోపల వేయాల్సిన కేసులు. మాస్టారు మాత్రం వీటిని స్టాఫ్ రూములో పైకి చదివి, కళ్లు తుడుచుకునేంత నవ్వుతాడు. చదివిన ప్రతిసారీ లెక్కల మాస్టారు కూడా నవ్వి, నవ్వినందుకు నొచ్చుకుంటాడు.

ఇంట్లో పరిస్థితి అంత బాగాలేదు. "ఏం కూర చేయమంటారు?" అని వాళ్లావిడ అడిగితే, "ఐదు నిమిషాలు ఆపకుండా తోచిందల్లా చెప్పు" అన్నాడట. తోచిందల్లా ఆవిడ ఆపకుండానే చెప్పింది. ఆ పూట కూర లేదు.

పదో తరగతి దగ్గర మాస్టారి ఆటలు సాగవు. వంద రోజుల ప్రణాళిక మొదలైతే బళ్లో గాలి కూడా బిట్ల రూపంలోనే వీస్తుంది. "మీ వార్మప్పులు ఏప్రిల్ దాకా బంద్" అని హెడ్మాస్టరు గారు తేల్చేశారు. మాస్టారు సరేనన్నాడు. మర్నాటి నుంచి అదే ఐదు నిమిషాలు, అవే కాగితాలు, పైన మాత్రం "స్లిప్ టెస్ట్" అని పేరు. హెడ్మాస్టరు గారు మురిసిపోయి స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో ప్రస్తావించారు. రోజూ స్లిప్ టెస్ట్ పెట్టే టీచరు మండలంలో ఇంకెవరున్నారని అడిగారు. ఎవరూ లేరు.

ఆ మీటింగే కొంప ముంచింది. ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి బజారుకు చేరింది. మరుసటి జూన్‌లో సెంటరు దగ్గర పుస్తకాల కొట్లోకి కొత్త గైడు దిగింది. అట్ట మీద ఎర్ర అక్షరాల్లో "డైలీ వార్మప్స్ విత్ ఆన్సర్స్" అని ఉంది. పిల్లలందరి సంచుల్లోకీ పాఠ్యపుస్తకాల కంటే అదే ముందు చేరింది. మాస్టారికి ఆ సంగతి తెలియదు. బళ్లు తెరిచిన మొదటి సోమవారం ఉత్సాహంగా, పొద్దున్న ఏం తిన్నారో రాయండి అన్నాడు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే క్లాసంతా ఇడ్లీ తింది. అందరూ రెండేసి తిన్నారు, కొబ్బరి చట్నీతో తిన్నారు, తిన్నాక అమ్మకు థాంక్స్ చెప్పారు. ఒక్క తప్పు లేదు. పొద్దున్నే చద్దన్నం తిని వచ్చిన మూతులు ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాయి. మాస్టారు కుర్చీలో కూలబడి ఒక్కో పుస్తకమే తిప్పుతూ గేదె నాయనమ్మ గారి మనవరాలి దగ్గరికి వచ్చాడు. ఆ పేజీలో రెండే వాక్యాలు, రెండింటి కిందా నీలం గీత.

"ఆల్ ఆర్ ఈటింగ్ గైడ్ సార్. ఐ యామ్ ఈటింగ్ చద్దన్నం విత్ ఆనియన్, గుడ్ టేస్ట్."