అర గ్లాసు నీళ్ళు

ఇల్లు సొచ్చిననాడు చుట్టాలొస్తారు. ఎలివేషన్ మామ మాత్రం అంతకుముందే నాలుగుసార్లు వచ్చిపోయి ఉంటాడు. సెంట్రింగ్ కర్రలు తీయకముందు ఒకసారి, టైల్సు లారీ దిగినప్పుడు ఒకసారి, ఫాల్స్ సీలింగ్ వాళ్ళు నిచ్చెన మీదుండగా రెండుసార్లు. పాలు పొంగే నాటికి ఇంటివాళ్ళకంటే ఆయనకే ఆ ఇల్లు ఎక్కువ తెలుసు. స్విచ్చి ఎక్కడుందోనని వాళ్ళు గోడలు తడుముతుంటే, "దర్వాజ ఎనుక చూడుండ్రి" అని ఆయనే చెబుతాడు.

నల్లగొండ క్లాక్ టవర్ వెనక పాత బజార్లలో ఇప్పుడు ప్రతి ఇల్లూ ముఖం మార్చుకుంటోంది. పెంకులు దిగుతున్నాయి, అరుగులు లేస్తున్నాయి, ఆటో పట్టని సందులో మూడంతస్తుల ఎలివేషన్ నిలబడుతోంది. దాన్ని పూర్తిగా చూడాలంటే ఎదురింటి మేడ ఎక్కాల్సిందే. మామ ఎక్కుతాడు. ఎదురింటివాళ్ళు కసురుకోరు, చాయ్ పోస్తారు. అవతలి మేడ నుంచి తమ ఇల్లెట్లా కనబడుతోందో ఆయన నోటితో వినాలని వాళ్ళకూ ఉంటుంది కదా.

ఆయన దగ్గర మార్కులు మూడే. 'జబర్దస్తున్నది', 'మంచిగున్నది', 'ఉన్నది'. మూడోది పడ్డ ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినరు. వాస్తు పంతులు ఆగ్నేయం మార్చమంటే ఆరు నెలలు బేరమాడిన పెద్దమనిషి, మామ 'ఉన్నది' అన్న గేటును తెల్లారేసరికి పీకించాడు. మనం ఉండడానికి ఇల్లు కట్టుకుంటామని నేనూ చాలాకాలం నమ్మాను. మామ వచ్చి చూడడానికి కట్టుకుంటామని తెలిసేసరికి నాకు పద్దెనిమిది లక్షలు ఖర్చయ్యాయి.

ఒకసారి మేనల్లుడికి సంబంధం చూడమని మహబూబ్‌నగర్ పంపారు. సాయంత్రం బస్సు దిగగానే అక్క ఎదురొచ్చి అడిగింది, "పిల్ల ఎట్లుందిరా?"

"దర్వాజ బర్మా టేకక్కా. ఒక్క అతుకు లేదు."

"పిల్ల సంగతి చెప్పరా!"

"మెట్ల పక్కన నిలబడ్డది. మెట్లు గ్రానైటు."

2022 మార్చి 28న యాదగిరిగుట్ట గుడి పునర్నిర్మాణం పూర్తయి తెరుచుకుంటే, ఆ వారంలోనే పోయొచ్చాడు. నల్లటి కృష్ణశిల స్తంభాలను నిమురుకుంటూ, గీతలు సరిగ్గా కలిశాయా లేదా చూసుకుంటూ తిరిగి, దర్శనం మరిచిపోయి ప్రసాదంతో ఇల్లు చేరాడు. స్వామి ఎక్కడికి పోతాడు, పాలిష్ కొత్తగున్నప్పుడే చూడాలె అన్నాడు.

మా పక్క బజారులో ఒక భవంతి ఇల్లుంది. నాలుగు దిక్కులా గదులు, నడుమ ఆకాశం. తాత పోయాక కొడుకులు వాన పడుతోందని నడుమ స్లాబు పోశారు. ఇప్పుడు మనవడు హైదరాబాదు నుంచి ఆర్కిటెక్టును తెచ్చి, ఆ స్లాబును మిషనుతో కోయించి, 'కోర్ట్‌యార్డ్' అని పేరు పెట్టి, కింద తెల్ల గులకరాళ్ళు పోయించాడు. మామ దాని కింద నిలబడి పావుగంట తలెత్తి చూశాడు. "జబర్దస్తున్నది!" మూలన మంచం మీద కూర్చున్న ముసలమ్మ అంది, "మా అత్త కాలంల గీ ఆకాశం పుక్యానికే ఉండె బిడ్డా."

సొంతిల్లా? పత్రిక ఇవ్వడానికి ఒకసారి పోయాను. గూనపెంకల కప్పు, డంగు సున్నపు గచ్చు, మే నెలలోనూ కాలికి చల్లగా తగులుతుంది. నీదెప్పుడు చేయిస్తవు మామా అంటే, "చూడనీకి ఊరంత ఉన్నది అల్లుడూ. గిది పండనీకి" అన్నాడు.

చివరికి నా ఇంటి వంతు వచ్చింది. పాత షాబాదు బండలు లేపి విట్రిఫైడ్ టైల్సు వేయించాను. మామ జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఒక్కో టైలునూ కొట్టుకుంటూ వచ్చాడు. టక్, టక్, టక్... డొబ్. కింద సిమెంటు నిండక డొల్లగా ఉందన్నమాట. డాక్టరు ఎక్స్‌రే చూసి నవ్వినట్టు నవ్వి, "అర గ్లాసు నీళ్ళు తే అల్లుడూ" అన్నాడు. దాహమనుకుని మా ఆవిడ ఫ్రిజ్ నీళ్ళు తెచ్చింది.

నీళ్ళలో పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని 1970లలో నాగపూర్ శాస్త్రవేత్తలు తయారుచేశారు. దానికి దేశదేశాల్లో 'నల్లగొండ టెక్నిక్' అని పేరు. మా బజారులో మాత్రం నల్లగొండ టెక్నిక్ అంటే మామ అర గ్లాసే.

బాత్రూం నడుమ పోశాడు. నేను, మా ఆవిడ, మేస్త్రీ, ప్లంబరు, అందరం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూస్తున్నాం. నీళ్ళు కాసేపు ఆలోచించాయి. తర్వాత మోరి జాలీకి వీపు తిప్పి, గడప దిక్కుగా బయల్దేరాయి. గడప అవతల హాలు, హాలు పక్కన పూజ అర్ర.

"వాటం లేదు" అన్నాడు మామ మెల్లగా, నాడి చూసి చెప్పినట్టు.

మేస్త్రీది పాలమూరు. ఎక్కడ డ్యాము లేచినా మట్టి మోసినవాళ్ళలో ఆ జిల్లా వాళ్ళుంటారని పేరు. పౌరుషం వచ్చింది. "మా తాత నాగార్జునసాగర్ కట్టకు రాళ్ళు మోసిండు సార్. గా నీళ్ళు సుత ఊకెనే పోతయా? 26 గేట్లు ఎత్తితెనే పోతయి."

"పానగల్లు పోయినవా ఎప్పుడన్న?" అన్నాడు మామ. "ఛాయా సోమేశ్వరుని గుడి. కందూరు చోడులు కట్టిండ్రు. పొద్దుగాల నుంచి పొద్దుమూకెదాక స్తంభం నీడ లోపటి గోడ మీద అట్లనే నిలబడి ఉంటది. సూర్యుడు తిరిగినా అది తిరగది. వాళ్ళు నీడను నిలబెట్టిండ్రు, నువ్వు నీళ్ళను నడిపియ్యలేకపోయినవా?"

మేస్త్రీ తల దించాడు. మామ అంతటితో ఆగలేదు. ఆ గుడిలో నీడ పడేది నేరుగా వచ్చే ఎండతో కాదు, బయటి నుంచి తిరిగి లోపలికొచ్చే వెలుతురుతోనట. "ఇండైరెక్ట్ లైటింగంటే గది" అంటూ నా హాలు కప్పులో మూడు రంగుల్లో వెలుగుతున్న ప్రొఫైల్ లైట్ల వైపు చూశాడు. "ఇవ్వి... ఉన్నయి."

పదకొండు టైల్సు పగిలాయి. అవే డిజైను మళ్ళీ దొరకడానికి మూడు షాపులు తిరిగాను. వారం తర్వాత మామ వచ్చి అర గ్లాసు పోస్తే, నీళ్ళు బడి విడిచిన పిల్లల్లా జాలీలోకి ఉరికాయి. మేస్త్రీ చప్పట్లు కొట్టాడు.

"మంచిగున్నది" అన్నాడు మామ.

జబర్దస్తు కాదు. మా ఆవిడ నా వైపు చూసింది, నేను లైట్ల వైపు చూశాను. సరే, గండం గడిచిందని బాల్కనీలో కుర్చీ వేసి చాయ్ ఇచ్చాం. మామ సగం తాగాడు. కప్పు పెదవుల దగ్గరే ఆపి, బాల్కనీ టైల్సు వైపు చూడడం మొదలుపెట్టాడు.